బోర్డు మూలన ఎర్ర సుద్ద

టీచరు గారు పోయారని మొన్న బుధవారం పొద్దున్న నా ఫోనుకి వచ్చింది. శాలువా కప్పుకున్న ఆవిడ ఫొటో, దాని కింద జోడించిన చేతుల బొమ్మలు నాలుగు, ఆత్మకు శాంతి అని ఒక ముక్క. పంపినాయన మా ఊళ్ళో చేపల మేత అమ్ముతాడు. నేను నమ్మలేదు. దుఃఖం కొద్దీ నమ్మలేకపోయానని కాదు, ఆవిడ నేర్పిన పద్ధతి ప్రకారం నమ్మలేదు. ఎవరు చెప్పారు, వాళ్ళకెలా తెలుసు అని తిరిగి రాశాను. పోయినవాళ్ళ గురించి కూడా సాక్ష్యాలడుగుతావేంటి, నీకేమన్నా పిచ్చా అని ఆయన విసుక్కున్నాడు. విసుక్కోనీ.

ఏలూరులో డిగ్రీ చదువుతున్న మా అమ్మాయికి ఫోన్ చేశాను. అదీ అదే పని మీద ఉంది. ఫొటో వచ్చిన దగ్గర్నుంచి ఎవరు ఎవరికి పంపారో వెనక్కి అడుక్కుంటూ పోయి, తాడేపల్లిగూడెంలో ఉండే టీచరు గారి చెల్లెలి నంబరు పట్టుకుందట. మాట్లాడి చెబుతాను నాన్నా, అంతవరకూ ఎవరికీ పంపకు అంది. అరగంట తర్వాత ఫోన్ మోగింది. అటునుంచి ముక్కు చీదుకోవడం వినబడింది. అప్పుడు నమ్మాను. చెరువు గట్టు మీద చతికిలబడి, ఎవరైనా చూస్తారేమోనన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను.

నా సంగతి ముందే చెప్పేస్తాను. నేను చేపల చెరువుల వాణ్ణి. మండవల్లికి దగ్గర్లో, కొల్లేటి అంచున మా ఊరు. నాకు కోపం ఎక్కువని ఊరంతా అంటుంది. దానికి మాత్రం సాక్ష్యాలు అక్కర్లేదు, మా ఆవిణ్ణి అడిగితే చాలు.

టీచరు గారు మా ఊరి హైస్కూలుకి సోషల్ చెప్పడానికి వచ్చారు. బక్కపలచటి మనిషి, నేత చీర, చేతిలో ఎండైనా వానైనా ఒక నల్లగొడుగు. పోస్టాఫీసు వెనక రెండు గదులు అద్దెకు తీసుకుని ఉండేవారు. శనివారం సాయంత్రం బస్సెక్కి గూడెంలో చెల్లెలి దగ్గరకి వెళ్ళి, సోమవారం పొద్దున్నే దిగేవారు. ఏదైనా కాయితంగానీ ఫొటోగానీ చేతికిస్తే కళ్ళజోడు నెత్తిమీదికి తోసేసి, దాన్ని ముక్కుకి ఆనేంత దగ్గరగా పెట్టుకుని చూసేవారు. చూడటం కూడా మనలా మధ్యలో మొదలుపెట్టేవారు కాదు. ముందు నాలుగు మూలలూ చూసి, తర్వాత అంచుల వెంట తిరిగి, చివరికి మధ్యకొచ్చేవారు. మధ్యలో ఉన్నది తీసినవాళ్ళు చూపిద్దామనుకున్నదండీ, అంచుల్లో ఉన్నది దాచడం మర్చిపోయింది అని చెప్పేవారు.

ఆవిడతో మామూలు మాట మాట్లాడటం కష్టం. టీకొట్టు దగ్గర ఎవరైనా మర్యాదకి, "ఈసారి కొల్లేరు పొంగుతుందటండీ" అంటే, "ఎవరన్నారండీ?" అని అడిగేవారు. ఫలానాయన అంటే ఆయనకెలా తెలుసనేవారు. ఎగతాళిగా కాదు, నిజంగా తెలుసుకుందామనే. పాపం అవతలివాళ్ళకి చేతిలో టీ చల్లారిపోయేది. నెల తిరక్కుండానే ఆవిడకి 'ఎలాతెలుసు మేడం' అని పేరు పడిపోయింది. ఆ పేరు పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

మొదటిసారి ఆవిడ మీదికి యుద్ధానికెళ్ళింది మార్కుల గురించి. మా అమ్మాయి అప్పుడు ఎనిమిదో తరగతి. పరీక్ష కాయితం తెచ్చి చూపించింది. ఒక ప్రశ్నకి 'తెలియదు' అని రాసింది. దానికి ఒక మార్కు వేసి ఉంది. ఇంకో ప్రశ్నకి సరైన జవాబే రాసింది, దానికి సగం మార్కులే ఉన్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. బండేసుకుని బడికి పోయి, తెలియదంటే మార్కులేస్తారా, తెలిసి రాస్తే కోస్తారా, ఇదెక్కడి చదువండీ అని వరండాలోనే నిలదీశాను. ఆవిడ నన్ను కూర్చోబెట్టి, కాయితం తీసుకుని, తెలియనప్పుడు తెలియదని రాయడం అన్నిటికంటే కష్టమండీ అన్నారు. రెండో జవాబుకి ఎక్కణ్ణుంచి తెలుసుకుందో రాయలేదు కాబట్టి సగం కోశారట. తర్వాత నెమ్మదిగా, ఈ బడి ఎప్పుడు కట్టారో మీకు తెలుసా అని నన్నే అడిగారు. తెలుసన్నాను. ఎలా తెలుసన్నారు. మా నాన్న చెప్పాడన్నాను. ఆయనకెలా తెలుసన్నారు. ఇంటికొచ్చేశాను.

ఆవిడ పాఠాల్లో ఊరందరికీ తెలిసింది శనివారం ఫొటో. ప్రతి శనివారం ఒక పిల్లో పిల్లాడో ఇంటినుంచి ఒక ఫొటో తేవాలి. దాన్ని క్లాసులో గోడకున్న పెద్ద టీవీలో వేస్తారు. ఎవరినీ ఏమీ అడక్కుండా అది ఎప్పుడు తీసిందో, ఎక్కడ తీసిందో, ఎవరు తీసుంటారో పిల్లలు ఫొటోలోంచే చెప్పాలి. చెప్పిన ప్రతిదానికీ నోటుబుక్కులో మూడు గళ్ళు గీసి, ఏమిటి, ఎవరు చెప్పారు, ఎలా తెలుసు అని రాయాలి. అప్పుడు ఇంటికెళ్ళి పెద్దవాళ్ళని అడిగి సరిచూసుకోవాలి. ఇంటర్నెట్‌లోంచి తెచ్చిన ఫొటో అయినా, ఫోనుకొచ్చిన వీడియో అయినా, రాతి మీద శాసనమైనా ఆవిడకి ఒకటే లెక్క. మాట్లాడేది ఎవరు, ఎప్పుడు, అక్కడ వాళ్ళున్నారా అనేవే ఆవిడ ప్రశ్నలు.

ఒక శనివారం మా అమ్మాయి మా పెళ్ళి ఫొటోలు రెండు పట్టుకుపోయింది. సాయంత్రం ఇంటికొచ్చి, "నాన్నా, పెళ్ళిలో నువ్వు పెట్టుకున్న గడియారం నీది కాదటగా" అంది. నేను పొలమారి దగ్గాను. తలంబ్రాల ఫొటోలో నా చేతికున్న గడియారం, బంతి భోజనాల ఫొటోలో ఒక మూల నీళ్ళు పోస్తున్న మా బావమరిది చేతికి ఉందట. దాని బెల్టు మీద గీత కూడా సరిపోయిందట. మా ఆవిడ దగ్గర ఇన్నేళ్ళూ దాచుకున్న గుట్టు ఎనిమిదో తరగతి పిల్లలు అరగంటలో బయటేశారు. ఆ రాత్రి కూరలో ఉప్పెక్కువైంది, నేను కిక్కురుమనకుండా తిన్నాను.

ఆవిడకి ఇంకో అలవాటుంది. దాన్ని నేను మరీ వెక్కిరించేవాణ్ణి. నల్లబోర్డు ఎడమవైపు పై మూలన చిన్న గడి గీసి, 'ఈ వారం తప్పు' అని పైన రాసి, ఆ వారం తను పాఠంలో చెప్పిన తప్పేదైనా ఉంటే ఎర్ర సుద్దతో రాసేవారు. ఒకసారి మా ఊరి చర్చి గురించి ఏదో చెప్పారట. ఒక పిల్ల చర్చి గంట మీద చెక్కిన అక్షరాలు చూసొచ్చి, అది కాదండీ టీచర్ అంది. ఆవిడ అక్కడికక్కడే ఎర్ర సుద్ద తీసి, తన తప్పూ, దాన్ని పట్టుకున్న పిల్ల పేరూ రాశారు. వారమంతా అది అలాగే ఉంది. తనిఖీకి వచ్చిన అధికారి చూసి ఇదేంటని అడిగితే ఆయనకీ చదివి వినిపించారు. తప్పులు బోర్డుకెక్కించుకుంటే టీచరు మాట ఎవడు వింటాడు అని నేను టీకొట్టు దగ్గర నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నా గొంతులో ముల్లులా ఉంది.

ఇక నా చేపల సంగతి.

మా అమ్మాయి తొమ్మిదో తరగతిలోకి వచ్చిన ఏడాది, మూడు రోజులు ముసురు పట్టింది. ఎండన్నది లేదు. మూడో రోజు తెల్లారేసరికి నా పెద్ద చెరువులో శీలావతి, బొచ్చె, అన్నీ తెల్లగా పొట్టలు పైకేసి తేలిపోయి ఉన్నాయి. మబ్బు పట్టిన రోజుల్లో నీళ్ళలో గాలి తగ్గి చేపలు పోతాయని కొల్లేట్లో ఉయ్యాల్లో ఊగే బిడ్డకి కూడా తెలుసు. నాకూ తెలుసు. కానీ ఏడాది కష్టం కళ్ళముందు తేలుతుంటే మనిషికి మబ్బు మీద కోపం రాదు, మనిషి మీదే వస్తుంది. మా కొల్లేటివాళ్ళకి చేప చచ్చిందంటే ముందు నోటికొచ్చే మాట విషం.

ఆ చెరువుకి కాపలా దానియేలు. ఆరేళ్ళుగా గట్టు మీద పాకలో ఉంటున్నాడు. నీలం గళ్ళ తువ్వాలు తలకి చుట్టుకుని, పొద్దున్నే పాటలు పాడుకుంటూ గట్టు చుట్టూ తిరిగేవాడు. అంతకుముందు ఆదివారమే మేత దింపే వేళకి చర్చికి వెళ్ళాడని అతన్ని నలుగుర్లో తిట్టాను. తల వంచుకున్నాడు. చేపలు పోయిన నాడు నాకు ఆ వంచుకున్న తలే గుర్తొచ్చింది. మనసులో పెట్టుకున్నాడు వీడు అనుకున్నాను.

ఆ రోజే, శుక్రవారం మధ్యాహ్నం, ఫోనుకి ఒక ఫొటో వచ్చింది. చెరువు గట్టున ఒక మనిషి వంగి తెల్ల డబ్బాలోంచి నీళ్ళలోకి ఏదో పోస్తున్నాడు. మొహం సగమే కనపడుతోంది, తలకి నీలం గళ్ళ తువ్వాలు. కింద 'చెరువులో విషం పోస్తూ దొరికినవాడు, అందరికీ పంపండి' అని ఉంది. ఒక్క క్షణం ఆగకుండా నా ఫోన్లో ఉన్న వాళ్ళందరికీ పంపేశాను. తర్వాత పాక దగ్గరికి పోయి ఫొటో అతని మొహం మీద పెట్టి, ఇది నువ్వా కాదా అన్నాను.

దానియేలు చాలాసేపు చూశాడు. "నేనేనండి. మీరు పొయ్యమంటేనే పోశానండి. అది చేపల పేనుకి మందండి" అన్నాడు.

పోసినట్టు ఒప్పుకున్నావుగా అని అరిచాను. తర్వాతి మాట నా చెవికెక్కనే లేదు. తాళాలు లాక్కున్నాను. అతన్ని, అతని భార్యని, మూటల్ని ఆటోలో ఎక్కించి పంపించేశాను. తాడిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు కదా, ఇక చెరువు గట్టు మీద డబ్బా పట్టుకున్నవాడి మాట ఎవడు నమ్ముతాడు. సాయంత్రానికల్లా ఆకివీడు ప్యాకింగ్ షెడ్ల దాకా ఆ ఫొటో పాకిపోయింది. చెరువుల వాళ్ళెవరూ అతన్ని గట్టెక్కనివ్వం అన్నారు. మండవల్లి సెంటర్లో ఎవరో కాలరు పట్టుకుంటే చొక్కా చిరిగిందని విన్నాను. విని, తగిన శాస్తే అనుకున్నాను. మర్నాడు పొద్దున్న స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వాలని పెద్దమనుషులు నిర్ణయించారు. కాయితం కూడా రాసేశారు, నా సంతకమే తరువాయి.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకి టీచరు గారు గొడుగు ముడుచుకుంటూ మా ఇంటికొచ్చారు. మధ్యాహ్నం నుంచీ ఆ ఫొటో పిల్లల నోళ్ళలోనే నలుగుతోందట. వాళ్ళల్లో మా అమ్మాయీ ఉంది. రేపటి శనివారం ఫొటో ఇదే కావాలని పిల్లలే అడిగారట.

"సంతకం రేపు సాయంత్రం పెట్టినా సంతకమేనండీ. ఒక్కరోజు ఆగండి" అన్నారు.

వాణ్ణి వెనకేసుకొస్తున్నారా అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకున్నారు.

"లేదండీ. దానియేలు గారు చేశారని తేలితే ఆ కాయితం మీద మొదటి సాక్షి సంతకం నాది. చెయ్యలేదని తేలితే ఏం చెయ్యాలో మీరే ఆలోచించుకోండి."

నా కాపలావాణ్ణి ఊళ్ళో ఎవరైనా గారు అనడం అదే మొదటిసారి వినడం. చెరువు నాది, చేప నాది, నష్టం నాది, ఈవిడ గారి పిల్లలు వచ్చి తేల్చేదేంటి అని లోపల ఉడికిపోయాను. కానీ తలుపు చాటున నిలబడి మా అమ్మాయి నావైపే చూస్తోంది. సరేనన్నాను.

శనివారం ముసురు విడిచింది. మధ్యాహ్నానికి ఇరవైమంది పిల్లలతో ఆవిడ నా చెరువు గట్టు మీదికొచ్చారు. ప్రతివాళ్ళ చేతిలోనూ ఆ ఫొటో అచ్చేసిన కాయితం. నేను చేతులు కట్టుకుని మోటారు దగ్గర నిలబడ్డాను. పెద్దమనుషులు ఇద్దరు కాయితం జేబులో పెట్టుకుని నా పక్కనే ఉన్నారు. ఆవిడ పిల్లల్ని గుండ్రంగా నిలబెట్టి, మనం ఎవరినీ కాపాడటానికి రాలేదు, ఎవరినీ పట్టించడానికీ రాలేదు, ఫొటో ఏం చెబితే అది రాసుకుపోవడానికొచ్చాం అని చెప్పారు. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ గొడుగు పట్టుకున్న చెయ్యి వణకడం చూశాను. వయసు వల్లేమో అనుకున్నాను.

ఫొటో తీసినవాళ్ళు ఎక్కడ నిలబడ్డారో పిల్లలు వెతుక్కుంటూ ముందుకీ వెనక్కీ జరిగారు. చివరికి ఒక చోట ఆగి, ఇక్కడేనండీ అన్నారు. ముందుగా ఒక పిల్లాడు, ఫొటోలో దానియేలు గారి నీడ పడిందండీ, మొన్న మూడు రోజులూ ఎండ లేదు కదండీ అన్నాడు. ముసురుకు ముందు రోజు పోసుంటాడు అన్నాను నేను. టీచరు గారు నాతో వాదించలేదు. "అది కూడా అవ్వచ్చు, రాసుకోండి" అని పిల్లలకి చెప్పారు.

తర్వాత ఇంకో పిల్ల కాయితంలో కుడివైపు పై మూల చూపించింది. అక్కడ మోటారు షెడ్డు కప్పు బెత్తెడంత కనపడుతోంది. తాటాకు. పిల్లలందరూ తలలెత్తి నా షెడ్డు వైపు చూశారు. రేకులు ఎండలో మెరుస్తున్నాయి.

"ఏవండీ, ఈ రేకులు ఎప్పుడు వేయించారండీ?" అని అడిగారు టీచరు గారు.

పోయినేడు తుఫానుకి తాటాకు ఎగిరిపోతే వేయించానన్నాను. నోట్లోంచి మాట వచ్చాక గానీ నేనేమన్నానో నాకు తెలియలేదు. పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాత ఫొటో అయితే మాత్రం, అప్పుడూ పోశాడేమో, వాడి అలవాటేమో అని గొణిగాను. నిప్పు లేకుండా పొగ వస్తుందా అని కూడా అన్నాననుకుంటాను.

అప్పుడు మా అమ్మాయి వరసలోంచి బయటికొచ్చింది. కాయితం తెచ్చి నా చేతిలో పెట్టి, ఎడమవైపు కింది మూల వేలితో చూపించింది. ఏదో నల్లటి గుండ్రటి ముక్క, దాని మీద సగం తెగిపోయిన తెల్ల బొమ్మ.

"నాన్నా, ఇది మన పాత బండి అద్దం. ఇది నేను అంటించిన గూడబాతు స్టిక్కరు" అంది.

ఆ బండి మీద కూర్చుని, అక్కడే, ఆ ఫొటో తీసింది నేనే. రెండేళ్ళ కిందట చేపలకి పేను పడితే మందు తెచ్చి దానియేలుతో పోయించాను. ఇలాగేనా పొయ్యడం అని అడుగుతూ చెరువుల వాళ్ళ గ్రూపులో ఆ ఫొటో నేనే పెట్టాను. ఫోను తీసి వెనక్కి, ఇంకా వెనక్కి జరిపాను. దొరికింది. కత్తిరించకముందు ఫొటో. నిండా ఎండ, సగం బండి, తాటాకు షెడ్డు, నేను చెప్పిన పని చేస్తున్న దానియేలు. దాని కింద నా గొంతే. నొక్కితే, డోసు సరిపోతుందంటారా అని అమాయకంగా అడుగుతున్నాను.

పిల్లలు విన్నారు. పెద్దమనుషులు విన్నారు. దానియేలు అంతా చెప్పాడు నాతో, మొదటి రోజే చెప్పాడు. నేను తీసిన ఫొటోని నేనే గుర్తుపట్టలేదు, ఫొటోలో ఉన్నవాడు నిజం చెబితే నమ్మలేదు.

టీచరు గారు ఒక్క మాట దెప్పలేదు. చూశారా అనలేదు. పిల్లల వైపు తిరిగి, తీసింది ఎవరో తెలిసింది, ఎలా తెలిసిందో రాయండి అన్నారు. దాన్ని కత్తిరించి విషం అని రాసిందెవరని ఒక పిల్లాడు అడిగాడు. 'తెలియదు' అని రాయమన్నారు. ఈరోజుకీ అది తెలియదు.

పెద్దమనుషులు కాయితాన్ని నాలుగు ముక్కలు చేసి జేబులో వేసుకుని వెళ్ళిపోయారు. ఇప్పుడేం చెయ్యమంటారని నేను టీచరు గారిని అడిగాను. ఎంతమందికి పంపారో అంతమందికీ ఒక్కొక్కరికీ మళ్ళీ పంపాలండీ, మీ గొంతుతో పంపండి, రాతలు ఎవరూ చదవరు అన్నారు. రెండు రోజులు పట్టింది. సగంమంది బొటనవేలు బొమ్మ పంపించి ఊరుకున్నారు. ఆకివీడు ఆయన ఒకడు మాత్రం, ఏదో ఉండే ఉంటుందిలే అన్నాడు. ఆయనకి మూడుసార్లు చెప్పాను.

సోమవారం బడికి రమ్మన్నారు. వెళ్ళేసరికి దానియేలు వచ్చి ఉన్నాడు. ఆవిడ తన కుర్చీలో అతన్ని కూర్చోబెట్టి, తను నిలబడి ఉన్నారు. నేను గుమ్మంలో ఆగిపోయాను. ఆవిడ బల్ల మీది ఎర్ర సుద్ద తీసి నా చేతికిచ్చి, బోర్డు మూలన ఉన్న గడి వైపు చూపించారు. నేను ఏడో తరగతితో చదువాపేసినవాణ్ణి. ఇరవై జతల కళ్ళు వీపుకి గుచ్చుకుంటుండగా వంకర టింకరగా మూడు వరసలు రాశాను.

ఫొటో తీసింది నేనే
మందు పొయ్యమన్నది నేనే
దానియేలు తప్పు లేదు

తర్వాత అతని ముందుకెళ్ళి చేతులు జోడించాను. తప్పైపోయింది దానియేలూ అన్నాను. అతను లేచి నిలబడ్డాడు. ఏడుస్తాడనుకున్నాను, కోప్పడతాడనుకున్నాను.

"నేను ముందే చెప్పానండి మీకు" అన్నాడు. అంతే.

రమ్మని ఎంత బతిమాలినా అతను మళ్ళీ నా చెరువుకి రాలేదు. ఆకివీడు అవతల వేరే చెరువు చూసుకుంటున్నాడు. కనపడితే నమస్కారమండీ అంటాడు, బాగున్నావా అంటాను.

ఆరోజు చివర్లో అందరూ ఫొటో దిగుదామన్నారు. పిల్లలు, దానియేలు, టీచరు గారు బోర్డు ముందు నిలబడ్డారు. నన్నూ రమ్మన్నారు. ఆ ఫొటోలో నిలబడే మొహం నాకు లేదు. నేను తీస్తానండీ అని ఫోను పట్టుకుని వెనక్కి జరిగాను. తీసి ఆవిడకి పంపాను, తర్వాత ఆ సంగతే మర్చిపోయాను.

చాలా రోజుల తర్వాత, ఆవిడ రిటైరై ఊరు విడిచివెళ్ళేముందు, బస్సు దగ్గర పెట్టె అందిస్తూ ఒక మాట అడిగాను. ఆరోజు గట్టు మీద ఫొటో దానియేలుకి ఎదురు తిరిగుంటే నిజంగా సంతకం పెట్టేవారా అని. పెట్టేదాన్నండీ అన్నారు వెంటనే. బస్సు మెట్టెక్కి, వెనక్కి తిరిగి, "ఆ ముందురాత్రి నాకు నిద్రపట్టలేదండీ. ఆయన చెయ్యలేదని నాకు అనిపిస్తూనే ఉంది. అనిపించడం చాలదు కదండీ" అన్నారు. గొడుగు పట్టిన చెయ్యి ఎందుకు వణికిందో అప్పుడు తెలిసింది. అలాంటి మనిషిని నేను మళ్ళీ చూడలేదు. దేవుడి ముందు కూడా నాకంత భయమూ భక్తీ కలగలేదు, అబద్ధమెందుకు.

బుధవారం మధ్యాహ్నానికి గూడెం చేరాను. ఉల్లిపాయల మార్కెట్టు వెనక సందులో ఇల్లు. మా అమ్మాయి ఏలూరునుంచి నాకంటే ముందే వచ్చింది. వరండాలో గోడవారగా దానియేలు కూర్చుని ఉన్నాడు. నెరిసిన తలకి అదే నీలం గళ్ళ తువ్వాలు, లేక అలాంటిదే ఇంకోటి. నన్ను చూసి పక్కకి జరిగి చోటిచ్చాడు. కూర్చున్నాను.

లోపల కుర్చీలో దండ వేసిన ఫొటో పెట్టారు. టీచరు గారు ఎవరినో చూసి నవ్వబోతున్నట్టు ఉన్నారు, కళ్ళజోడు నెత్తి మీద ఉంది. చెల్లెలు గారు నా పక్కకొచ్చి నిలబడి, అక్కకి ఫొటోలంటే ప్రాణం గానీ తను దిగినవి రెండో మూడో అండీ, ఇది ఆవిడ ఫోన్లో దొరికింది, ఎవరు తీశారో తెలీదు అన్నారు. పెద్ద గుంపులోంచి ఆవిణ్ణి మాత్రం కత్తిరించి పెద్దది చేయించారట. "ఈ పక్కన ఎర్రగా ఏదో గీతలు పడ్డాయండీ, తీసెయ్యమంటే స్టూడియోవాళ్ళు కుదరదన్నారు" అన్నారు బాధగా.

నేను దగ్గరికెళ్ళి కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకుని, మూలలనుంచి మొదలుపెట్టాను. కుడివైపు అంచున బెత్తెడు నీలం గళ్ళ గుడ్డ. ఎడమవైపు ఆవిడ భుజం పక్కన నల్లటి బోర్డు ముక్క. దాని మీద మూడు వరసలు, మొదళ్ళు తెగిపోయి చివర్లే మిగిలాయి. నేనే. నేనే. లేదు.

"ఈ ఫొటో తీసింది నేనేనండీ" అన్నాను.

చెల్లెలు గారు నా మొహంలోకి చూశారు. అక్క పోలికే. అడగబోయేది నాకు తెలుసు, అడగనిచ్చాను.

"మీకెలా తెలుసండీ?"

"ఆ ఎర్ర రాత నాదండీ. తుడిపించకండి" అన్నాను.